ఇంట్ల తల్లున్నది

పాలు పోసే రుక్మాబాయి తనను గడప దాటనివ్వలేదని ఈడిత్ కాల్డర్ చాలా రోజులు బాధపడింది.

1937వ సంవత్సరం చివర, చలి మొదలయ్యే రోజుల్లో ఈడిత్ హైదరాబాదుకు వచ్చింది. ఆమెది స్కాట్లండులో సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. అక్కడి చిన్న చర్చిలో ఒక ఆదివారం, పరదేశంలో సేవ చెయ్యడానికి ఎవరు వెళ్తారని పాదిరి అడిగితే లేచి నిలబడింది. మిషన్ వాళ్లు ఆమెను ముందు గుంటూరులో ఏడాదిపాటు ఉంచి ఒక పంతులుగారి చేత తెలుగు చెప్పించారు. ఆయన వ్యాకరణం మీద ప్రాణం పెట్టే మనిషి. "తాము భుజించితిరా" అని ఈడిత్ తడుముకోకుండా అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఇక నీకు తెలుగునేలలో ఎక్కడా ఇబ్బంది ఉండదమ్మా అని దీవించి పంపాడు.

కిషన్‌బాగ్‌లో మిషన్ వాళ్లు ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకుని కింది హాలులో ఆడపిల్లల బడి నడుపుతున్నారు. పైగది ఈడిత్‌కు ఇచ్చారు. బడి బాధ్యత మిస్ హార్‌గ్రీవ్‌ది. ఆమె తల నెరిసిన మనిషి, ఈ దేశంలో చాలాకాలంగా ఉంటున్నది. కానీ ఈడిత్ వచ్చిన కొద్ది రోజులకే ఆమెకు మలేరియా తిరగబెట్టి సికింద్రాబాదులో స్నేహితుల ఇంటికి విశ్రాంతి కోసం వెళ్లిపోయింది. బడిలో ఈడిత్ మిగిలింది. ఆమెకు తోడు కరుణమ్మ. కరుణమ్మ మెదక్ వైపు మనిషి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించడం ఆమె పని.

పంతులుగారి తెలుగు కిషన్‌బాగ్‌లో పనికి రాలేదు. వీధిలో ఉర్దూ వినిపించేది, అది ఆమెకు అసలే రాదు. ఇళ్లలో తెలుగే మాట్లాడేవారు గానీ, అది తాను నేర్చుకున్న భాషేనని నమ్మడం ఆమెకు కష్టమైంది. మాటలు సగం మింగినట్టుండేవి. తెలిసిన మాట ఒకటి చెవిన పడేలోపు తెలియనివి నాలుగు దాటిపోయేవి. "పిల్లలారా, ఆసీనులు కండు" అంటే బడిపిల్లలు ఒకరినొకరు చూసుకుని నోటికి కొంగులు అడ్డం పెట్టుకునేవారు.

ఆ రోజుల్లోనే రుక్మాబాయి ఇంటి సంగతి జరిగింది. రుక్మాబాయికి బర్రెల కొట్టం ఉంది. కొడుకు అంజన్ పాలు తీసుకుని లాడ్ బజార్ వైపు పోతే, చుట్టుపక్కల ఇళ్లకు ఆమే పోసేది. కోడలు ఆండాలుకు ఇద్దరు పిల్లలు. పెద్దది కమల బడికి వస్తుంది. చిన్నవాడు ఇంకా చంకలోనే ఉన్నాడు. ఒక సాయంత్రం కమలను దిగబెట్టడానికి ఈడిత్ వాళ్ల ఇంటికి వెళ్లింది. రుక్మాబాయి గుమ్మంలో నిలబడి నవ్వుతూ అన్నది.

"లోపటికి రారాదు దొరసాని. రారాదు."

ఈడిత్ ఆగిపోయింది. రారాదు అంటే రాకూడదు. పరదేశి మనిషి అడుగు పెడితే ఇల్లు మైలపడుతుందేమో అనుకుంది. తల వంచి నమస్కారం చేసి వెనుదిరిగింది. వెనకనుంచి రుక్మాబాయి ఏదో అంటూనే ఉంది. ఈడిత్ ఆగలేదు.

చాలా రోజుల తర్వాత ఈ మాట కరుణమ్మతో చెప్పేసరికి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యో అమ్మా, రారాదు అంటె రమ్మనుడే. వస్తె ఏమాయె, రా అన్నట్టు. నువ్వు చాయ గూడ తాగకుండ పోయినవని రుక్మాబాయి మస్తు బాధపడ్డది."

"రారాదు అంటే రమ్మని అర్థమా?"

"గంతే. తినరాదు అంటె తినుమని. కూసోరాదు అంటె కూసోమని."

ఈడిత్ ఆ రోజంతా ఆ మాటలు లోలోపల తిప్పుకుంది. ఇక్కడ వద్దంటే రమ్మని అన్నమాట. మర్నాడే రుక్మాబాయి ఇంటికి వెళ్లి, పీట మీద కూర్చుని, ఇత్తడి గ్లాసు నిండా పాలు తాగి వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంటికి రాకపోకలు పెరిగాయి. ఆ ఊళ్లో ఆమెకు ఆనందం ఇచ్చినవి అలాంటి చిన్న చిన్న సంగతులే. కరుణమ్మ ఆమెను లాడ్ బజార్‌కు తీసుకెళ్లి ఆకుపచ్చ గాజులు కొనిపించింది. చేతులు బోసిగా ఉంటే ఆడవాళ్లు దగ్గరికి రారని చెప్పింది. మిస్ హార్‌గ్రీవ్ ఒకసారి చూడడానికి వచ్చినప్పుడు ఆ గాజులు చూసి, మిషన్ స్త్రీలు వాటిని వేసుకోరని మెల్లగా అన్నది. ఈడిత్ వాటిని తీసి పెట్టెలో పెట్టుకుంది.

ఎండలు ముదరకముందే బడికి పిల్లలు రావడం తగ్గింది. మొదట కమల మానేసింది, తర్వాత ఆ గల్లీ పిల్లలంతా మానేశారు. రుక్మాబాయి పాలు పోయడం కూడా ఆగిపోయింది. కరుణమ్మను అడుగుదామంటే ఆమె జల్‌పల్లిలో ఉన్న కూతురి కాన్పుకు వెళ్లింది. తన వల్ల మళ్లీ ఏదో తప్పు జరిగిందనుకుని, ఈడిత్ పొద్దున్నే రుక్మాబాయి ఇంటికి బయలుదేరింది.

గుమ్మానికి వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. రుక్మాబాయి బయటికి వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆవేళ గొంతు బాగా తగ్గించింది.

"ఇంట్ల తల్లున్నది దొరసాని. లోపటికి రావద్దు."

ఈడిత్ ముఖం విప్పారింది. రుక్మాబాయి తల్లి వచ్చిందన్నమాట. ముసలావిడ ఎక్కడినుంచి వచ్చిందో, ఇల్లంతా పండగలా ఆకులు కట్టారు. రావద్దు అంటున్నదంటే, ఆ సంగతి తనకిప్పుడు తెలుసు.

"తల్లిగారు వచ్చినారా? చాల సంతోషము. నేను మరల వచ్చెదను" అన్నది.

రుక్మాబాయి ఆమెను వింతగా చూసింది.

పెద్దవాళ్లను చూడడానికి ఒట్టి చేతులతో వెళ్లకూడదని ఈడిత్‌కు తెలుసు. తన ఊళ్లోనూ అంతే. పైగదిలో ఉన్న అరటిపండ్లు తీసుకుంది. అవి చాలవనిపించింది. పెట్టెలో వాడకుండా పడి ఉన్న ఆకుపచ్చ గాజులు గుర్తొచ్చాయి. వాటినీ పండ్లనూ శుభ్రమైన గుడ్డలో చుట్టి మళ్లీ ఆ గల్లీకి వెళ్లింది. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు. పసుపు నీళ్లలో వేపాకు వేసిన కుండ ఉంది. కాళ్లు కడుక్కోవడానికే పెట్టారనుకుని బూట్లు విప్పి, ఆ నీళ్లు పాదాల మీద పోసుకుని లోపలికి నడిచింది.

లోపల చీకటిగా ఉంది. కిటికీకి తడిగుడ్డ వేలాడుతోంది. మూలన దీపం. ఆండాలు నేల మీద కూర్చుని వేపకొమ్మతో మెల్లగా విసురుతోంది. చంటివాడు ఆమె ఒడిలో నిద్రపోతున్నాడు. ఈడిత్‌ను చూసి ఆండాలు బెదిరినట్టు కొంగు సవరించుకుంది. పొయ్యి దగ్గరనుంచి రుక్మాబాయి లేచి నిలబడింది.

"తల్లిగారు ఎక్కడ?" అని అడిగింది ఈడిత్.

ఆండాలు వేపకొమ్మతో నేల మీదికి చూపించింది. "గీడనే ఉన్నది."

వేపాకులు పరిచిన గుడ్డ మీద కమల పడుకుని ఉంది. ముఖం గుర్తుపట్టేలా లేదు. నుదురు, బుగ్గలు, పెదవులు, కనురెప్పలు అన్నీ పొక్కులతో నిండిపోయి ఉన్నాయి. ఈడిత్ ఊళ్లో వలలు అల్లే ఒక ముసలాయన ముఖం మీద గుంటలుండేవి. అవి దేనివని చిన్నప్పుడు అడిగితే వాళ్లమ్మ చెప్పిన జబ్బు పేరు ఇప్పుడు గుర్తొచ్చింది, మశూచి. దాన్ని కళ్లారా చూడడం ఇదే మొదటిసారి.

ఈడిత్‌కు చేతిలో మూట ఏం చెయ్యాలో తెలియలేదు. రుక్మాబాయి వచ్చి ఆ మూట తీసుకుని విప్పింది. ఆకుపచ్చ గాజులు, అరటిపండ్లు. వాటిని కళ్లకద్దుకుని, కమల తలాపున ఉన్న చిన్న ముంత దగ్గర పెట్టింది.

"తల్లీ, సల్లగ సూడు. దొరల దేశంకెల్లి నీకు గాజులు తెచ్చిన్రు" అన్నది.

ఈడిత్‌కు ఆ మాటలు అర్థమయ్యాయి. ఒక్క మాట కూడా జారిపోకుండా అర్థమయ్యాయి. అయినా ఏం జరుగుతున్నదో అర్థం కాలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. తోచింది ఒక్కటే, ప్రార్థన. తల వంచి, కళ్లు మూసుకుని, యేసు ప్రభువును ఆ పిల్లను బతికించమని తన సొంత భాషలో వేడుకుంది. కళ్లు తెరిచేసరికి రుక్మాబాయి, ఆండాలు ఇద్దరూ ఆమె వెనక చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

సాయంత్రానికి ఈ వార్త గల్లీ అంతా పాకింది. ఈడిత్ నీళ్ల కోసం కిందికి వస్తే, ఇంతకాలం దూరంగా నిలబడి చూసే ఆడవాళ్లు దగ్గరికి వచ్చి ఆమె చేతులు తాకి కళ్లకద్దుకున్నారు. ఒకామె తన బిడ్డను ఆమె కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. ఈడిత్ కంగారుగా ఆ బిడ్డను ఎత్తి తల్లికి ఇచ్చేసింది. ఆమె ఎత్తడమే పుణ్యమన్నట్టు ఆ తల్లి సంబరపడింది.

జల్‌పల్లినుంచి తిరిగొచ్చిన కరుణమ్మకు దారిలోనే అంతా తెలిసింది. హాలులోకి రాకుండా వాకిట్లోనే నిలబడింది.

"ఏం జేసినవమ్మా. అమ్మోరు పోసిన ఇంట్లకు గాజులు పట్టుకొని పోయినవా? తల్లి అంటె అమ్మోరు. గా రోగమొస్తె తల్లి వచ్చిందంటరు, పిల్ల ఒంట్లనే ఉన్నదంటరు."

"రుక్మాబాయి తల్లి అనుకున్నాను. రావద్దన్నది. రావద్దంటే రమ్మని కదా."

"రారాదు అంటె రమ్మని. రావద్దు అంటె రావద్దనే."

ఈడిత్ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ రెంటికీ తేడా ఏ పుస్తకంలో ఉంటుందో ఆమెకు తోచలేదు.

"నాతో రండి. వాళ్లకు సరిగా చెబుదాం" అన్నది.

కరుణమ్మ తల అడ్డంగా ఊపింది. "మా సిన్నప్పుడు మా ఇంట్ల ఇద్దరు పోయిన్రు. నాకు యేసయ్య ఉన్నడు, నిజమే. అయినా గా గడప నేను తొక్కను. నువ్వేమన్న అనుకో." తనకు భయం జబ్బు గురించో, తల్లి గురించో ఆమె చెప్పలేదు. ఆమెకు కూడా తెలిసినట్టు లేదు.

మర్నాడు మిస్ హార్‌గ్రీవ్ టాంగాలో వచ్చింది. జ్వరం తగ్గినా మనిషి నీరసంగా ఉంది. వార్త సికింద్రాబాదు దాకా చేరింది. అక్కడికి పోయేసరికి, కిషన్‌బాగ్‌లో మిషన్ దొరసాని అమ్మోరు పోచమ్మకు మొక్కు చెల్లించిందని అయింది.

"నీ మనసులో ఏముందో నాకు తెలుసు ఈడిత్" అన్నది ఆమె. "కానీ వాళ్లకు తెలియదు. వెళ్లి నిజం చెప్పు. నువ్వు ఆ దేవతకు ఏమీ ఇవ్వలేదని చెప్పు. ఇంకొకటి. ఆ ఇంట్లో చంటివాడున్నాడట. వాడికి టీకా వేయించారా?"

"తెలియదు."

"వేయించి ఉండరు. సర్కారు మనిషి వస్తే గల్లీలో ఒక్క తలుపు తెరుచుకోదు."

అది నిజమే. టీకాలు వేసే సాబ్ ఆ పొద్దునే బడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె పక్కన పెట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. "మేరేకూ దేఖ్తేచ్ దర్వాజే బంద్, మిస్ సాబ్" అన్నాడు విసుగ్గా. తనను చూడగానే తలుపులు మూసుకుంటున్నారని. ఆ మాట ఈడిత్‌కు అనువాదం లేకుండానే అర్థమైంది.

రుక్మాబాయి ఇంటికి ఈడిత్ ఒక్కతే వెళ్లింది. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా కూర్చుకుంది. అంజన్ ఆవేళ ఇంట్లోనే ఉన్నాడు, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. ఈడిత్ నిలబడే చెప్పింది.

"నేను మీ దేవతను పూజింపలేదు. నాకు తెలియక వచ్చితిని. మీ తల్లిగారు, అనగా మిమ్ములను కన్న తల్లి వచ్చినదని తలచి గాజులు తెచ్చితిని. నా దేవుడు వేరు. ఇది సత్యము."

రుక్మాబాయి శ్రద్ధగా విన్నది. కోపం తెచ్చుకోలేదు.

"తెలువకనే వస్తరు బిడ్డా" అన్నది. "తల్లి పిలిస్తె ఎవలకు తెలుస్తది?"

"ఆమె నన్ను పిలువలేదు."

"మరి ఎవలు పిలిచిన్రు? నేనైతె రావద్దన్న."

ఇంత దూరం తనను పిలిచింది దేవుడేనని ఆమె తన ఊరి చర్చిలో అందరిముందు చెప్పింది. ఆ మాటే ఇప్పుడు చెబితే ఈ ఇంట్లో దాని అర్థం ఏమవుతుందో ఊహించుకుని నోరు మూసుకుంది. ఆండాలు ఒడిలో చంటివాడు వేపకొమ్మను పట్టుకోబోతున్నాడు.

"పిల్లవానికి టీకా వేయించవలెను" అన్నది చివరికి. "అదియైనను వినండి. వానికిని ఈ రోగము వచ్చును."

ఆండాలు అత్త వైపు చూసింది. అంజన్ నేల చూపులు చూశాడు.

"ఇంట్ల తల్లి ఉండంగ సూది పెట్టనిస్తదా?" అన్నది రుక్మాబాయి. "నేను అడుగలేను. నాకు ధైర్యం లేదు. నువ్వే అడుగు. నువ్వు తెచ్చింది తీసుకున్నది గద."

"ఎవరిని అడగాలి?"

"తల్లిని."

ఈడిత్ వెంటనే కాదని అనబోయింది. మిస్ హార్‌గ్రీవ్ ముఖం కళ్లముందు కదిలింది. అంతలోనే చంటివాడు ఆమెను చూసి నవ్వాడు. వాడి బుగ్గలు నున్నగా ఉన్నాయి. కమల వైపు చూసింది. పిల్ల మేలుకునే ఉంది, ఒక కన్ను సగం తెరిచి ఉంది. కమలనే అడుగుతాను, అక్కను తమ్ముడి గురించి అడగడంలో తప్పేముంది అనుకుంది. దేవతను కాదు, ఈ పిల్లను. అలా తనకు తాను రెండుసార్లు చెప్పుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

కమలా అని పిలవాలనే అనుకుంది. కానీ బడిలో పిల్లల్ని బుజ్జగించేటప్పుడు కరుణమ్మ వాడే మాట ఆమెకూ అలవాటైపోయింది. ఆ మాటే నోటికి వచ్చింది.

"తల్లీ, తమ్మునికి టీకా వేయించమంటావా?"

కమల ఎండిన పెదవులు కదిలాయి.

"ఊ" అన్నది.

రుక్మాబాయి నేల మీద సాష్టాంగపడింది. ఆండాలు వెక్కి వెక్కి ఏడ్చింది. అంజన్ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా టీకాల సాబ్ కోసం పరుగెత్తాడు. ఈడిత్ అలాగే కూర్చుండిపోయింది. తాను అన్న మాట తన చెవులతోనే విన్నది. దాన్ని వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఆలోచించేలోపు ఆ సాబ్ అరుగు మీద పెట్టె తెరిచేశాడు.

ఆ రోజు ఆ గల్లీలో చాలా తలుపులు తెరుచుకున్నాయి. తల్లి ఒప్పుకున్నదని ఒకరికొకరు చెప్పుకున్నారు. బిడ్డల చేతులు పట్టుకుని ఆడవాళ్లు అరుగు ముందు నిలబడ్డారు. సాబ్ ఈడిత్‌ను కూడా పక్కనే నిలబడమన్నాడు, ఆమె ఉంటే లొల్లి ఉండదని. ఆమె నిలబడింది. ఏడుస్తున్న పిల్లల చేతులు పట్టుకుంది.

తర్వాతి రోజులు ఆమెకు నరకంలా గడిచాయి. చంటివాడి చెయ్యి వాచి జ్వరం వచ్చింది. ఆండాలు ఒక మధ్యాహ్నం వాడిని ఎత్తుకుని బడికి వచ్చి, ఈడిత్ ముందు నిలబడింది. వీడు చచ్చిపోతే నేను ఏ దేవుడికి జవాబు చెప్పాలి అనుకుంది ఈడిత్. టీకాకు జ్వరం రావడం మామూలేనని సాబ్ వచ్చి చెప్పాడు. కరుణమ్మ అంతసేపూ తలుపు చాటున నిలబడి ఉంది. తర్వాత ముందుకు వచ్చి, చంటివాడిని ఆండాలు చేతుల్లోంచి తీసుకుని, తన భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిప్పింది. జ్వరం తగ్గింది. వాడికి అమ్మోరు పోయలేదు.

కమల బతికింది. పొక్కులు మాడి రాలిపోయాక వేపనీళ్లతో తలంటి పోశారు. ముఖమంతా గుంటలు పడ్డాయి, ఎడమ కంటిలో తెల్లటి పొర నిలిచిపోయింది. తల్లిని సాగనంపే రోజున రుక్మాబాయి పెరుగన్నం వండి గల్లీ అంతా పంచింది. బడికి మాత్రం ఆ అన్నం పంపలేదు. "నీ దేవుడు వేరు అన్నవు గద. ఏమన్న అనుకుంటడేమోనని" అన్నది తర్వాత. ఈడిత్‌కు ఊరటగానూ, ఎందుకో చిన్నతనంగానూ అనిపించింది.

మిస్ హార్‌గ్రీవ్‌కు ఏమీ దాచకుండా అంతా చెప్పింది. ఆమె చాలాసేపు టీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుంది.

"నువ్వు పిల్లను అడిగావా, ఆ దేవతను అడిగావా?"

"పిల్లను అడగాలనుకున్నాను."

"అడిగింది ఎవరిని?"

మిస్ హార్‌గ్రీవ్ ఆమెను పంపేస్తానని అనలేదు, మంచి పని చేశావని కూడా అనలేదు. సికింద్రాబాదులో నెలనెలా జరిగే ప్రార్థన కూటంలో మాత్రం, కిషన్‌బాగ్‌లో జరిగింది చెప్పమని అందరిముందు ఆమెను నిలబెట్టింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఆమె వైపు చూశారు.

"ఒక పిల్ల బతికింది" అన్నది ఈడిత్. "దాని కోసం చాలామంది ప్రార్థించారు. వాళ్లలో నేనూ ఉన్నాను." ఇంకేదో చెప్పాలనిపించింది. మాటలు ఏ భాషలోనూ అందలేదు. కూర్చుంది.

వానలు పడ్డాక కమల బడికి వచ్చింది. మొదట్లో తక్కిన పిల్లలు కాస్త దూరంగా కూర్చున్నారు. ఈడిత్ దాన్ని తన పక్కన కూర్చోబెట్టుకుని పలక ఇచ్చింది. కమల మంచి కన్ను పలకకు దగ్గరగా పెట్టి అక్షరాలు దిద్దింది. కాసేపటికి తలెత్తింది.

"దొరసానీ, గప్పుడు నువ్వు తమ్మునికి టీకా ఎయ్యాల్నా అని అడిగినవట గద."

"నీకు గుర్తున్నదా?"

"లేదు. నాయనమ్మ చెప్పింది. గప్పుడు అడిగింది నన్నా, తల్లినా?"

ఈడిత్ ఆ చిన్న ముఖం వైపు చూసింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. నిజం ఏదో అప్పటికీ తేలలేదు.

"నాకు తెలియదు కమలా" అన్నది. "నువ్వు ఊ అన్నావు. అది మాత్రం విన్నాను."

ఆ జవాబు కమలకు సరిపోయినట్టుంది. పలక మీద తప్పుగా వచ్చిన అక్షరాన్ని అరచేత్తో తుడిచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఈడిత్ పక్కనే కూర్చుని, ఆ అక్షరం దాటి పిల్ల తర్వాతి దానికి వెళ్లేదాకా చూస్తూ ఉండిపోయింది.